చిల్కానగర్ దాకా తొంభై ఎనిమిది

చెంగిచెర్ల,
జూన్ 8.

కనకరాజు బాబాయ్ గారికి,

హిమజ నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నామని మొదట రాయాలి కదా, ఆ వాక్యం నేను రాసినట్టే అనుకుని మీరు చదివేసుకోండి.

ఉత్తరం చూసి భయపడకండి. ఎవరికీ ఏమీ కాలేదు. నిన్న ఫోన్ చేస్తే అన్నపూర్ణ పిన్ని చెప్పింది, మీకు రెండో చెవి కూడా పోయిందని, మిషను కొనిస్తే దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారని. వాట్సాప్‌లో రాస్తే చూడరట. "కాగితం మీద రాయవే, ఆయనకు అదే ఎక్కుతుంది" అంది. మీరు బాపుతో కూడా అదే అనేవారు, కాగితం మీద లేనిది కంప్లయింటే కాదని. బాపు మీ కింద టెలిఫోన్ లైన్‌మన్‌గా ఇరవై రెండేళ్లు స్తంభాలెక్కాడు కాబట్టి ఆ మాట మా ఇంట్లో సామెత అయి కూర్చుంది. పెన్ను పట్టి ఎన్నాళ్లయిందో, అక్షరాలు వంకరపోతున్నాయి. సర్దుకుని చదవండి.

నాకొక నెట్ కావాలి బాబాయ్. వేగంగా ఉండకపోయినా ఫర్వాలేదు, తెగకూడదు.

మా ఆయన ప్రశాంత్ సంగతి మీకు తెలుసు. ఉప్పల్ దాటాక ఆ పిల్లర్ల రోడ్డులో బండి మీంచి పడి ఏడాదిన్నర. కుడి పక్క పని చేయదు, మాట లేదు. నన్ను చూస్తే ఎడమ చేతి వేళ్లు ఆడిస్తాడు, అదే మా మాట. వారానికి రెండుసార్లయినా ఫిట్స్ వస్తాయి. వచ్చిన వెంటనే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే ఉమ్మి గొంతుకు అడ్డం పడుతుంది. అందుకని ఆయన మంచం పక్కనే బల్ల వేసుకుని పని చేస్తున్నాను. హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకున్నవాళ్లకు ఫోన్లో జవాబులు చెప్పే పని. ఆఫీసు పోచారంలో, ఇంటికి అరగంట. ఆ అరగంట దాటడమే నా వల్ల కాదు. మనిషిని పెడదామంటే ఇరవై రెండు వేలు అడుగుతున్నారు. నా జీతం ఇరవై ఎనిమిది.

ఇంటి నుంచి పని చేసుకోమని ఆఫీసు వాళ్లు కాగితం ఇచ్చారు. దానికొక షరతు. ఒకే నెలలో మూడుసార్లు మాట మధ్యలో నెట్ తెగితే కాగితం రద్దు, ఆఫీసుకు రావాల్సిందే. ఇప్పుడు ఫోన్లోని నెట్‌తోనే నెట్టుకొస్తున్నా. పోయిన నెల రెండుసార్లు తెగింది. మూడోది తెగకుండా దేవుడికి మొక్కుకున్నాను, దేవుడికి నెట్ గురించి ఏం తెలుసో.

మా కాలనీలో మూడు రకాలు దొరుకుతున్నాయి. పెద్ద కంపెనీ ఫైబరు ఒకటి. తీగ లేకుండా గాలిలోంచి పట్టే డబ్బా ఒకటి. చిల్కానగర్ నుంచి భూషణం అని ఒకాయన వేసే లోకల్ కేబుల్ ఒకటి. ఎవరిని అడిగినా తమ దగ్గర ఉన్నదాన్ని తిడుతున్నారు. మీరు ఏది అంటే అది పెట్టించుకుంటా. బాపు ఉంటే ఆయనా మిమ్మల్నే అడిగేవాడు.

మీ
హిమజ


నాచారం,
జూన్ 13.

చి. హిమజకు,

కనకరాజు బాబాయ్ దీవెనలు. ముసలాయన ఇంకా బతికే ఉన్నాడని ప్రశాంత్‌కు చెప్పు.

నీ ఉత్తరం మూడు రోజులకు చేరింది. చెంగిచెర్ల నుంచి నాచారానికి నడిచి వచ్చినా సాయంత్రానికి చేరవచ్చు. నీ నెట్ సంగతి తేల్చాక ఈ తపాలా వేగం మీద కూడా ఒక పట్టిక రాస్తాను.

మిషను తాళం వేసిన మాట నిజం. అది పెట్టుకుంటే మీ పిన్ని మాటలు కూడా వినపడుతున్నాయి. ఎదురుగా కూర్చున్న మనిషి మాట కొంత తెలుస్తుంది గానీ, ఫోన్లో గోల తప్ప ఏమీ రాదు. కాబట్టి మనకు ఈ కాగితాలే గతి.

నేను రిటైరై తొమ్మిదేళ్లు. నాచారం, ఉప్పల్, హబ్సిగూడలో ఏ ఇంటికి ఏ స్తంభం నుంచి లైను పోయిందో ఇప్పటికీ కళ్లు మూసుకుని చెప్తాను. అయినా ఈ తొమ్మిదేళ్లలో ఒక్కడు నన్ను లైను గురించి అడగలేదు. మందుల గురించి అడుగుతారు, మోకాళ్ల గురించి అడుగుతారు. నువ్వు అడిగావు. మీ బాపు కొమురెల్లికి తగ్గ కూతురివి అనిపించుకున్నావు.

తొందరపడి ఏదీ పెట్టించకు. ఈ సంగతుల్లో కొన్నవాడు తిడతాడు, అమ్మినవాడు పొగుడుతాడు, ఇద్దరి మాటా నీళ్ల మూటే. అంకె తేవాలి. రేపటి నుంచి నేనే వస్తున్నా. మూడు రకాలూ ఉన్న మూడు ఇళ్లు మీ కాలనీలో పట్టుకుని, పొద్దున, మధ్యాహ్నం, చీకటి పడే ముందు, మూడు పూటలా కొలుస్తాను. రిజిస్టరు కొన్నాను. ఎర్ర పెన్ను, నీలం పెన్ను కూడా కొన్నాను. మీ పిన్ని నవ్వుతోంది. నవ్వనీ.

మజ్జిగ చల్లగా ఉంచు.

మీ బాబాయ్
కనకరాజు


నాచారం,
జూలై 3.

చి. హిమజకు,

పదిహేను రోజులు మీ ఇంట్లో మజ్జిగ తాగుతూ కూడా నోరు విప్పలేదని నీకు కోపంగా ఉన్నట్టుంది. ఇదిగో రిపోర్టు.

పెద్ద కంపెనీది వేగం వంద అని అమ్ముతారు. నాకు ఎనభై రెండు నుంచి తొంభై ఒకటి దాకా వచ్చింది. పన్నుతో కలిపి నెలకు ఎనిమిది వందల పైమాట. చెడితే ఒక నంబరు పంపుతారు. నంబరు వెంటనే వస్తుంది, మనిషి నాలుగో రోజున వస్తాడు. నేను చూస్తుండగానే అంజనాద్రి అపార్ట్‌మెంట్లో ఒకాయన ఫోన్లోని ఆడగొంతుతో గంటసేపు తగువాడాడు. అది రికార్డు చేసిన గొంతు అని ఆయనకు చివరికి తెలిసింది.

గాలి డబ్బాది ఒక పూట నూట నలభై, ఇంకో పూట ముప్పై. మబ్బు పట్టిన రోజు పదకొండు. జ్వరం పట్టిక చూసినట్టుంది. నీకు పనికిరాదు.

భూషణం కేబులు నెలకు ఐదు వందలు. తొంభై ఏడు, తొంభై ఎనిమిది, తొంభై ఎనిమిది, తొంభై ఏడు. పదిహేను రోజులు, నలభై ఐదు కొలతలు, తొంభై ఆరు కింద ఒక్కటీ లేదు. ఇంత నిలకడైన లైను నా సర్వీసులో చూడలేదు. సర్వీసు కూడా చూశాను. నేనే ఒక ఇంట్లో తీగ పీకేసి కంప్లయింట్ ఇప్పించాను. నలభై నిమిషాల్లో వాళ్ల మనిషి బండి మీద వచ్చి వాలాడు. పీకింది ఎవరో తెలిసి తిట్టాడు, మిషను లేదు కాబట్టి వినపడలేదు.

కొలిచే పద్ధతి కూడా చెప్పాలి, రేపు ఎవరైనా అడిగితే నువ్వు చెప్పగలగాలి. యాప్‌లో ఎక్కడి దాకా కొలవాలో మనమే ఎంచుకోవచ్చు. నేను ప్రతిచోటా అన్నిటికన్నా దగ్గరిదే ఎంచుకున్నాను. భూషణం లైనుకు అది చిల్కానగర్. మా శాఖలో పద్ధతి అదే. ఎక్స్ఛేంజీ నుంచి ఇంటి దాకా లైను శుభ్రంగా ఉందా అని చూస్తాం. ఆ పైన అది ఢిల్లీ పోతుందా, దుబాయి పోతుందా అన్నది పైవాళ్ల పూచీ, అది ఎప్పుడూ చెడదు. చెడేదల్లా మన వీధిలోనే.

భూషణాన్నే పెట్టించు. కళ్లు మూసుకుని పెట్టించు. ఏడాదికి ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితమట, అలాగే కట్టు. పట్టిక ఒక ప్రతి నీకు, ఒక ప్రతి మీ అసోసియేషన్ ప్రెసిడెంటు పరంధామయ్య గారికి ఇచ్చాను. ఆయన మా పశ్చిమగోదావరి వాడే. చూసి, "అబ్బ, ఎంత శ్రద్ధగా రాశారండీ" అని రెండుసార్లు అన్నాడు.

మీ బాబాయ్
కనకరాజు


చెంగిచెర్ల,
ఆగస్టు 4.

కనకరాజు బాబాయ్ గారికి,

నమస్కారాలు. మీరు ఇప్పుడు మా కాలనీలో పెద్దమనిషి. మీ పట్టికను జిరాక్సు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. భూషణం దాన్ని అట్ట మీద అంటించి గేటు దగ్గర కట్టించాడు. పోయిన ఆదివారం మీటింగులో అసోసియేషన్ వాళ్లు ఇక మీదట కాలనీ స్తంభాల మీద భూషణం తీగ ఒక్కటే ఉండాలని రాసి సంతకాలు పెట్టారు. తీగలన్నీ చిక్కులు పడి వేలాడుతున్నాయి కదా, పోయిన వానాకాలం షాక్ కొట్టి ఒక ఆవు కూడా చచ్చిపోయింది, అందుకని ఒక్కడే ఉంటే శుభ్రంగా ఉంటుందన్నారు.

నాకు కూడా పది రోజులు హాయిగా గడిచాయి. ఆ పది రోజులు నేను ఫోన్ మాట్లాడుతూ ప్రశాంత్ గోళ్లు కత్తిరించాను, గడ్డం గీశాను. నెట్ ఉందా అని చూసుకోని రోజులు ఎన్నాళ్లకో వచ్చాయి.

ఇప్పుడు మాత్రం జర తేడా వస్తోంది. సాయంత్రం నాలుగు దాటాక అవతలివాళ్ల మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. మొన్న ఒకావిడ చనిపోయిన భర్త ఆసుపత్రి బిల్లు క్లెయిము గురించి ఏడుస్తూ చెప్తుంటే మధ్యలో తెగిపోయింది. మళ్లీ కలిసేసరికి ఆమె నన్ను తిట్టిన తిట్లు రాయలేను. ఈ నెలకు అది ఒకటి. విచిత్రం ఏమిటంటే, తెగిన ఆ నిమిషంలోనే మీరు చెప్పినట్టు కొలిచి చూశాను. తొంభై ఎనిమిది. నా బల్ల దగ్గర ఏమైనా తప్పుందేమో చెప్పండి.

హిమజ


నాచారం,
ఆగస్టు 12.

చి. హిమజకు,

తొంభై ఎనిమిది చూపిస్తుంటే లైనుది తప్పు కాదు. మీ ఆఫీసు వాళ్ల సాఫ్ట్‌వేర్ అయి ఉంటుంది. లేదా నీ డబ్బా ఫ్రిజ్ పక్కన పెట్టి ఉంటావు, తీసి ఎత్తులో పెట్టు. ప్లగ్గు వదులుగా ఉందేమో చూడు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మీ పిన్ని అంటోంది గానీ, నలభై ఐదు కొలతలమ్మా, నలభై ఐదూ నా చేత్తో రాసినవి.

నీ తృప్తి కోసం ఒకసారి చిల్కానగర్ వెళ్లి భూషణం గదిలో చూసి వస్తాను. మిషను పెట్టుకునే వెళ్తానులే.

మీ బాబాయ్


నాచారం,
ఆగస్టు 23.

చి. హిమజకు,

చిల్కానగర్ వెళ్లి వచ్చాను. భూషణంతో మాట్లాడాను. వచ్చే నెలలో సర్దుతానన్నాడు. కొంచెం ఓపిక పట్టు.

ఎండగా ఉంది. ఎక్కువ రాయలేకపోతున్నాను.

కనకరాజు


చెంగిచెర్ల,
సెప్టెంబర్ 22.

కనకరాజు బాబాయ్ గారికి,

మీ నాలుగు లైన్ల ఉత్తరం చదివి పిన్నికి ఫోన్ చేశాను, మీ ఒంట్లో బాగాలేదేమోనని. "పొద్దున్నే అన్నం మూట కట్టుకుని ఎక్కడికో పోతున్నాడు, సాయంత్రానికి వస్తున్నాడు, అడిగితే చెప్పడు" అంది. బాగానే ఉన్నారన్నమాట.

ఈ నెల మూడూ అయిపోయాయి. మూడోది పోయిన బుధవారం. మా మేనేజర్ ఉదయశ్రీ మంచిదే, పైవాళ్లతో పోట్లాడింది కూడా. రూలు ఆమె రాసింది కాదు. అక్టోబర్ ఒకటి నుంచి పోచారం రమ్మని మెయిల్ వచ్చింది. ఆ మెయిల్ తెరుచుకోవడానికి ఆరు నిమిషాలు పట్టింది.

అంతకుముందే పెద్ద కంపెనీ వాళ్లను పిలిచాను. వాళ్ల మనిషి నిచ్చెనతో వచ్చాడు, గేటు దగ్గరే వాచ్‌మన్ ఆపేశాడు. పరంధామయ్య గారింటికి పోయి బతిమాలాను. ఆయన ఫైలు తీసి మీ పట్టికే నాకు చూపించాడు. "మీ బాబాయి గారు రాశారు కదమ్మా, ఆ కాగితం చూశాకే మేం మూడేళ్లకు సంతకం చేసింది. ఆయన తప్పు రాస్తారా?" అన్నాడు. గాలి డబ్బా కూడా తెచ్చి చూశాను. మాది కింది ఇల్లు, రెండు పక్కలా ఐదంతస్తులు. లోపలికి గాలే రాదు, నెట్ ఏం వస్తుంది.

మీరొక్కసారి వచ్చి అసోసియేషన్ వాళ్లతో చెప్పండి బాబాయ్. వాళ్లు నా మాట వినరు, మీ మాట వింటారు. ఇంకా ఎనిమిది రోజులుంది. నేను భయపడుతున్నాను.

హిమజ


చెంగిచెర్ల,
అక్టోబర్ 12.

కనకరాజు బాబాయ్ గారికి,

మీరు రాలేదు. జవాబు కూడా రాలేదు. పిన్నిని అడిగితే "రాస్తాడులే" అంటోంది. ఏదో కారణం ఉండే ఉంటుంది. నాకు అలగడానికి కూడా తీరిక లేదు, కాబట్టి మళ్లీ నేనే రాస్తున్నా.

ఆఫీసుకు పోతున్నాను. ప్రశాంత్ పాత ఫోన్‌ను మంచం ఎదురుగా అలమరలో నిలబెట్టి, నా ఫోన్‌కు వీడియో కాల్ కలిపి వదిలేసి వస్తాను. సీటులో ఫోన్ పెట్టుకోవడానికి ఉదయశ్రీ ప్రత్యేకంగా అనుమతి ఇప్పించింది. శబ్దం ఉండకూడదు, బొమ్మ మాత్రమే. ఫిట్స్ వస్తున్నట్టు కనిపిస్తే పక్కింటి శాంతాబాయికి మా ఆఫీసు ఫోన్ నుంచి చెప్తాను. తాళం చెవి ఆమె దగ్గరే ఉంటుంది. మొదటి రోజే ఆమె, "నువ్వేం ఫికర్ జెయ్యకు బిడ్డా, ఫోన్ మోగుడే ఆలస్యం, నేను ఉరుకుత" అంది. రెండుసార్లు నిజంగానే ఉరికి తిప్పి పడుకోబెట్టింది. ఒంటి గంటకు ఆమే వచ్చి జావ పోస్తుంది. ఆమె లేకపోతే మేము లేము.

ఆఫీసులో నెట్ ఎంతుందో కొలిచాను, అలవాటైపోయింది కదా. తొమ్మిది వందల పన్నెండు. అంత వేగం పెట్టుకుని నేను చూసేది ఆగిపోయిన బొమ్మను. మా ఇంటి వైపు నుంచి రావాల్సింది రాదు. ఇప్పుడు సాయంత్రమే కాదు, పొద్దున్నుంచీ రోజుకు ముప్పై నలభైసార్లు బొమ్మ నిలబడిపోతుంది. ఒక్కోసారి కలుస్తోందని చక్రం తిరుగుతుంది, ఒక్కోసారి అదీ ఉండదు, పటం కట్టినట్టు అలాగే ఉంటుంది. నిమిషం తర్వాతో, పది నిమిషాల తర్వాతో వేళ్లు కదులుతాయి. అప్పుడు నేను ఊపిరి తీసుకుంటాను.

మొదటి వారం బొమ్మ ఆగితే చాలు శాంతాబాయిని ఉరికించాను. ఒక రోజు పద్నాలుగుసార్లు. ఆమె కుట్టుమిషను మీద బతికే మనిషి. పద్నాలుగోసారి, "బిడ్డా, మంచిగనే పండుకున్నడు. నీ ఫోన్ల బొమ్మ ఆగినప్పుడల్ల నేను ఉరికితే నా కుట్టుపని ఎట్ల నడుస్తది?" అంది. కోపంతో అనలేదు, అయినా సిగ్గేసింది. ఇప్పుడు బొమ్మ ఆగితే పిలవడం మానేశాను. మళ్లీ కదిలేదాకా కూర్చుంటున్నాను.

అందుకే అడుగుతున్నా. బొమ్మ ఆగిందో, మనిషే కదలకుండా ఉన్నాడో తెలుసుకునే ఉపాయం ఏదైనా ఉందా? ఇన్నేళ్లు తీగలతో బతికినవారు, మీకు తడుతుంది. ఒక కార్డు ముక్క మీద రాసి పంపినా చాలు.

హిమజ


నాచారం,
నవంబర్ 3.

చి. హిమజకు,

ఈ ఉత్తరం ఆగస్టులోనే రాయాల్సింది. అప్పటి నుంచి ఎన్ని మొదలుపెట్టి చింపానో మీ పిన్నికి తెలుసు.

ఆగస్టు ఇరవైన భూషణం గదికి వెళ్లానా, మిషను పెట్టుకునే వెళ్లాను. నా పట్టిక తీసి చూపించి, ఇంత బాగున్న లైను మా అమ్మాయికి ఎందుకు తెగుతోందని దబాయించాను. అతను నవ్వాడు. ఒక మూల ఉన్న డబ్బా చూపించి అన్న మాటలు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "సార్, మీరు కొట్టిన టెస్టు గీ డబ్బ కాడికొచ్చి మర్లిపోతది. ఇంటికెల్లి గీడిదాంక మస్తుగుంటది, గది అబద్ధం గాదు. గీడికెల్లి బయటికి పోయే తొవ్వ ఒక్కటే ఉన్నది. నాలుగు వందల ఇండ్లు గా సన్న తొవ్వల్నే పోవాలె. పిలగాండ్లు ఇస్కూలు ఇడిసిన్రంటే ఇగ జామే. మీకు ఎరికే అనుకున్న. పెద్ద సార్లు గదా."

నాకు ఎరుక లేదమ్మా. నలభై ఐదుసార్లు నేను కొలిచింది మీ ఇంటి నుంచి చిల్కానగర్ దాకానే. నా కాలంలో ఎక్స్ఛేంజీ దాటాక దారి సర్కారుది, దాన్ని అనుమానించాలన్న ఆలోచన కూడా మాకు ఉండేది కాదు. ఇప్పుడు ఆ దారిని కూడా ఒక మనిషి అద్దెకు తెస్తాడని, ఎంత తక్కువకు వస్తే అంత తెస్తాడని నాకు తోచలేదు. నేను తెలిసినవాణ్ణని అందరూ నమ్మారు, అందరికన్నా ఎక్కువ నేను నమ్మాను.

అది ఆ రోజే నీకు రాస్తే సరిపోయేది. రాయలేకపోయాను. తొమ్మిదేళ్ల తర్వాత ఒక మనిషి సలహా అడిగితే ఇలా చేశానని రాయడానికి చెయ్యి రాలేదు. సరిచేసి, సరిచేశానని రాద్దామనుకున్నాను. రోజూ అన్నం కట్టుకుని భూషణం గదికే పోయాను. వాళ్ల తీగలు చుట్టి పెట్టాను, కంప్లయింట్లు రాసిపెట్టాను, బతిమాలాను. నువ్వు అసోసియేషన్ వాళ్ల దగ్గరకు రమ్మన్నప్పుడు రావాల్సింది. పరంధామయ్య ముందు నా పట్టిక తప్పని చెప్పాలి కదా, కాళ్లు రాలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ నిన్ను ఆఫీసుకు తోలాను.

ఇప్పుడు పని అయింది. భూషణం కొత్తగా ఇంకొక దారి తెచ్చాడు. అక్టోబర్ ఇరవై ఆరు, ఆదివారం సాయంత్రం, దగ్గరుండి నీ లైనును అందులోకి మార్పించాను. అందులో నువ్వు కాక తొమ్మిది ఇళ్లే ఉన్నాయి. మర్నాటి నుంచి నీ బొమ్మ ఆగి ఉండదు, నువ్వు గమనించే ఉంటావు. ఈసారి నోటిమాట కాదు, భూషణం గదిలోనే కూర్చుని నీ లైనును వారం రోజులు కొలిచాను. చిల్కానగర్ దాకా కాదు, బొంబాయి దాకా. ఆ కాగితం దీనితో జత చేస్తున్నాను. అది చేతికి వచ్చేదాకా నీకు చెప్పకూడదని ఆగాను. ఒకసారి తొందరపడి రాసినందుకే కదా ఇదంతా.

నువ్వు అడిగిన ఉపాయం కూడా ఉంది. సెకన్ల ముల్లు తిరిగే గోడ గడియారం ఒకటి బొమ్మలో కనపడేట్టు మంచం పక్కన తగిలించు. ముల్లు తిరుగుతుంటే నెట్ ఉన్నట్టు. నీ ఉత్తరం చదివిన రోజే తట్టింది. అన్నీ కలిపి ఒకేసారి రాద్దామనుకున్నాను.

ఈ కాగితం పట్టుకెళ్లి మీ మేనేజర్‌కు చూపిస్తే మళ్లీ ఇంటి నుంచి పని ఇస్తారేమో. నేను వచ్చి మాట్లాడతాను. మిషను పెట్టుకుని వస్తాను. నీ మొహం చూసే ధైర్యం ఇప్పటికి వచ్చింది.

మీ బాబాయ్
కనకరాజు


చెంగిచెర్ల,
నవంబర్ 9.

బాబాయ్ గారికి,

మీ ఉత్తరం ఆరో తారీఖు మధ్యాహ్నం వచ్చింది. ఆ రోజు ప్రశాంత్ పదకొండో రోజు. వాకిట్లో షామియానా చూసి పోస్ట్‌మన్ లోపలికి రావాలా వద్దా అని నిలబడితే శాంతాబాయి పోయి తీసుకుంది.

మీకు చెప్పలేదు. పిన్నికి కూడా చెప్పలేదు. జవాబు రాయని మనుషులకు ఫోన్ చేసి చెప్పాలనిపించలేదు.

అక్టోబర్ ఇరవై ఏడు, సోమవారం. పదీ ఇరవైకి చూసినప్పుడు వేళ్లు ఆడిస్తున్నాడు. తర్వాత ఒక పెద్దాయన కాల్ వచ్చింది, కంటి ఆపరేషన్ బిల్లు, అరగంట పట్టింది. ఆయనతో మాట్లాడుతూ సిస్టమ్ వైపే చూశాను. పదకొండు కావస్తుండగా ఫోన్ చూస్తే ప్రశాంత్ మొహం కిటికీ వైపు ఉంది, చెయ్యి దుప్పటి మీద ఉంది. కదలడం లేదు. ఎప్పటిలాగే ఆగిందనుకున్నాను. పదకొండున్నరకు అదే బొమ్మ. పన్నెండుకు అదే. భూషణాన్ని తిట్టుకున్నాను, మిమ్మల్ని కూడా తిట్టుకున్నాను. పక్క సీటు సుష్మకు చూపించి, "మా ఇంటి నెట్ చూడు, గంట నుంచి ఒకటే ఫొటో" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఒంటి గంటకు జావ గిన్నెతో పోయిన శాంతాబాయి ఫోన్ చేసింది. ఆ ఫోన్ రాగానే వీడియో మూసుకుపోయింది.

ఫిట్స్ వచ్చి ఉమ్మి గొంతుకు అడ్డం పడిందని డాక్టర్ చెప్పాడు. చూసిన వెంటనే ఎవరైనా తిప్పి ఉంటే అని మొదలుపెట్టి, నన్ను చూసి ఆపేశాడు.

మా వంటింట్లో గడియారం ఉంది. తెచ్చి తగిలించడానికి రెండు నిమిషాలు పట్టేది. కార్డు ముక్క మీద రాసినా చాలని అడిగాను. అడిగిన దానికి జవాబు మీకు ఆ రోజే తెలుసు.

మీ మీద కోపం ఉంది. పట్టిక తప్పు రాసినందుకు కాదు, మీకు తెలియనిది మీరు తప్పు రాశారు, ఎవరైనా రాస్తారు. తెలిశాక దాచినందుకు. మీరు సిగ్గుపడిన రోజులన్నీ మావి. మీ మొహం నేను చూడలేను, ఇప్పుడు రావద్దు. పిన్నిని ఒక్కదాన్నే పంపండి.

పదకొండు రోజులు నేను ఒక్క మాట పట్టుకుని బతికాను. నెట్ ఆగింది, నేనేం చేస్తాను, బొమ్మ ఆగిపోతే ఎవరికి తెలుస్తుంది అని. వచ్చినవాళ్లందరికీ అదే చెప్పాను. శాంతాబాయి కూడా నా వీపు నిమురుతూ అదే చెప్పింది. మీరు జత చేసిన కాగితం ఆ సాయంత్రం అందరూ పోయాక చదివాను. మొదటి వరస చూశాను. అక్టోబర్ 27, సోమవారం, ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా, తెగినవి సున్నా అని నీలం పెన్నుతో రాసి ఉంది, మీ చేతిరాతే.

అంటే ఆ రోజు బొమ్మ ఆగలేదు. ఆ రెండు గంటలు నేను ప్రశాంత్‌నే చూస్తూ కూర్చున్నాను.

హిమజ